ఇసుక బస్తాలు లేని గోల్‌పోస్టు

లీగ్ కమిటీ పెద్దలారా, ఆ గోల్‌పోస్టు పడుతుందని మీకు తెలుసు. చీపురుపల్లిలో ఒకసారి పడింది. మీ కుర్చీల ముందే పడింది. దాన్ని లేపించి, మట్టి దులిపించి, ఆట మొదలుపెట్టమని విజిల్ వేయించింది మీరే. ఇప్పుడేమో గాలి పడేసిందంటున్నారు. గాలి మీద నెట్టేస్తే మీరు తప్పుకున్నట్టేనా? గాలి లారీ ఎక్కించలేదు. గాలి బస్తాలు దించేయలేదు. మీ సెక్రటరీ జగన్నాధం గారు చేయించిన పని అది.

నా పేరు భారతి. భావనపాడులో చేపలు అమ్ముకుంటాను. ఆ పోస్టు కింద నిలబడిన గోల్‌కీపర్ గోవింద్ నా తమ్ముడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, చదవండి.

ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డుకెక్కి బోర్లా పడుకుంటాయి. మా కుర్రాళ్ళకి సంవత్సరం మొత్తంలో కాళ్ళు నేల మీద ఉండేది అప్పుడే. మీ వేసవి లీగ్ కూడా సరిగ్గా అప్పుడే. శ్రీకాకుళం వైపు టీములు, విజయనగరం వైపు టీములు, ఆదివారం ఒక ఊరు, మరో ఆదివారం ఇంకో ఊరు. మ్యాచ్‌కి ఇంత అని ఆటగాళ్ళ చేతిలో పెడతారు. వేట లేని రోజుల్లో మా ఇళ్ళలో పొయ్యి వెలిగేది దాంతోనే. అందుకే మా టీములో ఎవడూ ఆడనని అనలేడు. కాలు బెణికినా ఆడతాడు, జ్వరమొచ్చినా ఆడతాడు. అది మీకు బాగా తెలుసు.

మా టీములో సగం మంది మత్స్యకారులు, సగం మంది టెక్కలి వైపు మిషన్ చర్చి కుర్రాళ్ళు. కోచ్ సీమోను మాస్టారు చర్చి స్కూల్లో డ్రిల్లు చెబుతాడు. కెప్టెన్ విక్టర్ తాపీ పని చేస్తాడు. మ్యాచ్ ముందు సీమోను మాస్టారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు, మా మేనమామ నూకయ్య గంగమ్మకి కొబ్బరికాయ కొడతాడు. చెక్కలు అందరూ తింటారు. ఆ విషయంలో మా మధ్య ఎప్పుడూ పేచీ లేదు.

ఇక మీ గోల్‌పోస్టుల సంగతి. లీగ్ మొత్తానికి ఒకటే జత. ఇనప పైపులు, నట్లు బిగిస్తే నిలబడతాయి, విప్పితే లారీ ఎక్కుతాయి. ఏ గ్రౌండు వాళ్ళూ గోతులు తవ్వనివ్వరు కాబట్టి పోస్టులు నేలలో పాతరు, ఊరికే నేల మీద ఆనిస్తారు. ముందుకి పడకుండా వెనక నేలకి ఆనుకున్న పైపు మీద ఇసుక బస్తాలు వేయాలి. ఆ బరువే దాని ప్రాణం. నిరుటి దాకా బస్తాలు పోస్టులతోపాటే లారీలో వచ్చేవి. ఈ సీజను మొదటి మ్యాచ్ మా ఊళ్ళో. లారీ వచ్చింది, పైపులు దిగాయి, బస్తాలు లేవు.

నూకయ్య మావ వచ్చి పోస్టుని ఒక్క చేత్తో ఊపాడు. అది ఊగింది.

"ఇదేటిరా, తాగినోడి నాగ తూలతన్నాది?" అన్నాడు.

"బస్తాలు రానేదు మావా. లారీలో సోటు సాలదని ఇజీనగరంలోనే దించేసారట," అన్నాడు సీమోను మాస్టారు.

"బస్తాలెందుకు? మన కాడ లంగర్లు లేవేటి?"

బోటు లంగర్లు రెండు తెప్పించాడు. నైలాన్ తాళ్ళు తెచ్చి పోస్టు పైమూలలకి కట్టాడు. వెనక ఇసుకలో లంగర్లు దిగేశాడు. తాడు మాత్రం బిగించలేదు. కొంచెం వేలాడేలా వదిలాడు.

"బిగించవేటి మావా?" అని విక్టర్ అడిగాడు.

"బిగిస్తే తెగిపోతాది గుంటడా. తాడుకి ఊపిరుండాల. అలొస్తే బోటు లేస్తాది. దానికి సోటియ్యాల."

"ఇక్కడ అలలెక్కడున్నాయి మావా?"

"గాలి నేదేటి? నువ్వు గోడలు కట్టుకోరా తాపీ మేస్త్రీ, తాళ్ళు నాను కడతాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఊళ్ళో నూకయ్య మావ వేసిన ముడిని ఎవరూ తప్పుపట్టరు. తుఫానులో కూడా ఆయన కట్టిన బోటు కదలదు. ఆ రోజు నుంచి మా టీము ఎక్కడికి వెళితే అక్కడికి ఆయన తాళ్ళు వెళ్ళాయి. గట్టి నేల ఉన్న చోట లంగరు దిగదని ఇనప మేకులు కొట్టేవాడు. తాడు మాత్రం ఎప్పుడూ వదులే.

గోవిందుకి ఒక అలవాటు. ఆట మొదలయ్యే ముందు ఎగిరి పై కమ్మీ పట్టుకుని వేలాడతాడు, నుదురు దానికి ఆనిస్తాడు, దిగుతాడు. బోటు నీళ్ళలోకి దించే ముందు ముక్కుకి దండం పెడతాం కదా, అదే అలవాటు. జనం ఈలలు వేసేవాళ్ళు. వాడు నవ్వేవాడు.

చీపురుపల్లి మ్యాచ్‌లో మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. ఎండాకాలం గాలి, ముందు దుమ్ము, తర్వాత చినుకు. సగం ఆట విరామంలో అందరూ నీళ్ళు తాగుతున్నారు. అవతలి వైపు పోస్టు ముందుకి వంగింది. ఎవరో వెనక నుంచి తోసినట్టు వంగి, తాడు బిగుసుకోగానే ఒక్క క్షణం ఆగి, మేకుల్ని పీక్కుని పడిపోయింది. కింద ఎవరూ లేరు. జనం చప్పట్లు కొట్టారు. ఒకడు, "ఎవుడు కొట్టాడ్రా ఆ గోలు!" అని అరిచాడు.

నేను వెళ్ళి చూశాను. పై కమ్మీ నేలలోకి దిగిపోయింది. ఎండకి రాయిలా గట్టిపడిన నేల అది. లేపితే కింద గాడి పడి ఉంది. గోవింద్ ఎప్పుడూ నిలబడే చోటు అదే. నా చెయ్యి ఆ గాడిలో పెట్టాను. వేళ్ళు రెండు కణుపుల దాకా దిగాయి.

అప్పుడు పట్టుకుంది నాకు భయం.

టెంటు కింద కూల్‌డ్రింకు తాగుతున్న జగన్నాధం గారి దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, బస్తాలేవి?"

"వచ్చే మ్యాచ్‌కి వస్తాయమ్మా."

"అదిప్పుడే పడిపోనాది. కింద మనిషుంటే?"

"లేడు కదా. ఉన్నప్పుడు చూద్దాం. అయినా పోస్టులు మావి, కట్టింది మీవాళ్ళు. మీ తాళ్ళు, మీ మేకులు. మీవాళ్ళనే అడగండి."

పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. జగన్నాధం గారూ, ఆ నవ్విన వాళ్ళలో మీరూ ఉన్నారు.

ఆ రోజు నుంచి నేను బంతిని చూడలేదు. ఎవరు గెలిచారో పక్కవాళ్ళు చెబితే తెలిసేది. నా చూపు పై కమ్మీ మీదే. చెట్టు ఆకు కదిలితే లేచి నిలబడేదాన్ని. బజారులో చేపలు కోస్తూ ఉంటే ఎక్కడో ఇనప సామాను దించిన చప్పుడుకి కత్తి పక్కకి జారి వేలు తెగింది. మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే ఆకాశం చూసేదాన్ని. వేటకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఆకాశం చూస్తారు. నిషేధం రోజుల్లో ఆ బాధ ఉండదు. ఈసారి నాకు ఆ ఊరట కూడా లేకుండా పోయింది.

"ఒరే గోవిందూ, దాన్ని పట్టుకుని ఏలాడకురా," అన్నాను ఇంటి దగ్గర.

"ఏటప్పా, గంప బరువైపోనాదేటి, నా మీద పడ్డావు?"

"అది పడిపోతాదిరా."

"పడితే పట్టుకుంటాను. గోలీని కదా, పట్టుకోడవే నా పని."

"ఎటకారం సాలించు. సీపురుపల్లిలో గాడి సూసావా?"

"సూసాను." నా గంప అందుకుని కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నాకూ బయమేస్తాదప్పా. ఎనకాల కిర్రుమంటాది. తిరిగి సూస్తే బంతి ఎల్లిపోతాది. అందుకే సూడను. మానేద్దామంటే ఇంట్లో ఏటి తింటాం?"

వాడికి తెలియదనుకున్నాను అంతదాకా. వాడూ ప్రతి ఆదివారం దాన్ని వీపు మీద మోస్తూనే ఆడుతున్నాడు.

ఎచ్చెర్ల దగ్గర సెమీఫైనల్. నేను గోల్ వెనక్కి వెళ్ళి నూకయ్య మావ తాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆట మొదలుకాక ముందు గోవింద్ నా వైపు చూసి, అలవాటు మానలేక ఎగిరి కమ్మీ పట్టుకున్నాడు. నా చేతిలో తాడు కదల్లేదు. పోస్టు మాత్రం కదిలింది. ముందుకి జానెడు వంగింది, ఇంకొంచెం వంగింది, అప్పుడు గానీ తాడు బిగుసుకోలేదు. బిగుసుకునేసరికి పోస్టు వెనక కాళ్ళు నేల మీద నుంచి లేచిపోయి ఉన్నాయి. వాడు దిగాడు కాబట్టి అది వెనక్కి కూలబడింది.

నాకు అప్పుడు అర్థమైంది. బోటు నీళ్ళ మీద ఉంటుంది. వదులు తాడు దాన్ని కాపాడుతుంది. ఈ పోస్టు నేల మీద ఉంది. కొంచెం వంగిందంటే ఇక దాని బరువే దాన్ని లాక్కుపోతుంది. తాడు బిగుసుకునేలోపే అంతా అయిపోతుంది.

"మావా, తాడు వదులు తీసెయ్," అన్నాను.

"నాకు తాళ్ళు కట్టడం నేర్పుతావేటే నువ్వు?"

"ఇది బోటు కాదు మావా."

"నీ మొగం. మీ తాతకి నానే కట్టాను బోటు."

"అయితే నువ్వే పట్టుకుని లాగి సూడు. ఇలా రా."

కోపంతోనే వచ్చాడు. ముందుకి వెళ్ళి, ఎగిరి పై కమ్మీ అందుకుని కిందికి లాగాడు. పోస్టు వంగింది. మావ మొహంలో రంగు మారింది. గబుక్కున వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. చాలాసేపు తాడునే చూస్తూ ఉన్నాడు. తర్వాత కూర్చుని ముళ్ళు విప్పి మళ్ళీ కట్టాడు. ఈసారి వీణ తీగలా బిగించాడు. విక్టర్ వచ్చి గట్టిగా తోశాడు. తాడు ఆగింది. మేకు ఆగలేదు. ఎండు నేలలోంచి పన్ను ఊడినట్టు ఊడి వచ్చింది.

"బరువు కావాల. తాళ్ళతో అవదిది," అన్నాడు మావ. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

ఆ మ్యాచ్ నేనూ విక్టర్ తమ్ముడూ వెనక పైపు మీద నిలబడితే ఆడారు. గెలిచారట. మ్యాచ్ అయ్యాక సీమోను మాస్టారు, నేను, నూకయ్య మావ జగన్నాధం గారి కారు దగ్గర నిలబడ్డాం. మావ పోస్టు ఎలా పడుతుందో చేతులతో చూపించాడు. తప్పు కట్టానని తన నోటితో చెప్పాడు.

"ఫైనల్‌కి చీఫ్ గెస్ట్ వస్తున్నారు. టెంట్లు, మైకులు, శాలువాలు, వంద పనులున్నాయి నాకు. బస్తాల సంగతి చూస్తాను," అన్నారు జగన్నాధం గారు. కారు అద్దం పైకి వెళ్ళింది.

ఫైనల్ విజయనగరం శివార్లలో. టెంట్లు వచ్చాయి. మైకులు వచ్చాయి. శాలువాలు వచ్చాయి. బస్తాలు రాలేదు. ఖాళీ సంచులు తెచ్చి మేమే నింపుదామంటే గ్రౌండంతా రాళ్ళ నేల, గునపం కూడా దిగలేదు. మేకులు సగమే దిగాయి. పొద్దున్నుంచి ఒకటే ఉక్క. పడమర మబ్బు నల్లగా కమ్ముతోంది.

"మాస్టారూ, ఆట ఆపించండి," అన్నాను.

"మనం ఆడనంటే అవతలివాళ్ళే గెలిచినట్టు వాకోవర్ ఇస్తారు భారతీ. వచ్చే ఏడు లీగులోకి రానివ్వరు. అడిగాను, అదే మాట," అన్నాడు. ఆ రోజు ప్రార్థనలో మాట మధ్యలో ఆగిపోయింది.

మాతో చేపలమ్మే ఆడవాళ్ళు వ్యానులో వచ్చారు. నేను వాళ్ళని పిలిచాను.

"ఒలే, అందరూ రండి. ఆ పైపు మీద కూకోండి."

"ఏటే, మనవేటి బస్తాలవేటే?" అంది గున్నమ్మ.

"అవును. ఈయాల బస్తాలవే."

"నానొక్కదాన్ని కూకుంటే సాలదేటి, మిగిలినోలంతా ఆట సూసుకోండి," అని గున్నమ్మ పెద్ద ఒళ్ళంతా కదిలేలా నవ్వి కూర్చుంది. పక్కన మేమందరం కూర్చున్నాం. పోస్టు కొండలా నిలబడింది. గోవింద్ తిరిగి చూసి చెయ్యి ఊపాడు. కమ్మీ పట్టుకోలేదు, నాకు మాటిచ్చాడు. సగం ఆట అయ్యేదాకా సీజన్లో మొదటిసారి నేను బంతిని చూశాను.

విరామం తర్వాత టీములు వైపులు మారాయి. మేమూ గోవింద్ వెనకే అవతలి పోస్టుకి వెళ్ళాం. టెంటుకి ఎదురుగా ఉన్న పోస్టు అది. జగన్నాధం గారు వాలంటీర్లతో వచ్చారు.

"లేవండమ్మా. ఫొటోల్లో గోలు వెనకాల మీరేంటి? చీఫ్ గెస్ట్ చూస్తున్నారు."

"బస్తాలెయ్యండి, లేస్తాం," అన్నాను.

"రూల్ ప్రకారం గోల్ దగ్గర ఎవరూ ఉండకూడదు. లేవకపోతే మీ టీముని డిస్‌క్వాలిఫై చేస్తాను."

మా వాళ్ళు నా వైపు చూశారు. వాలంటీర్లు గున్నమ్మ రెక్క పట్టుకుని లేపారు. నన్ను ఇద్దరు లాగారు. నేను పైపు పట్టుకుని వేలాడాను. వేళ్ళు విడదీశారు. జనాన్ని ఆపే తాడు అవతలికి నెట్టి, ఆటకి విజిల్ వేయించారు. జగన్నాధం గారూ, ఇది మీరు కాదనలేరు. మీ ఫొటోగ్రాఫర్ కెమెరాలో ఉంది.

కాసేపటికే దుమ్ము లేచింది. టెంటు గుడ్డలు కొట్టుకున్నాయి. మైకు కింద పడింది. రిఫరీ ఆకాశం చూశాడు, టెంటు వైపు చూశాడు. టెంటులోంచి జగన్నాధం గారు చెయ్యి తిప్పారు, కానివ్వండి అని. అవతలి టీముకి కార్నర్ కిక్ వచ్చింది. నేను అరుస్తున్నాను. గాలిలో నా గొంతు నాకే వినబడలేదు. బంతి గాలికి తిరిగి కమ్మీ కిందకి వస్తోంది. గోవింద్ ఎగిరాడు. బంతిని పైకి తోశాడు. దిగుతూ వాడి వేళ్ళు కమ్మీకి తగులుకున్నాయి. వెనక నుంచి గాలి, ముందు నుంచి వాడి బరువు.

పోస్టు వంగింది. వాడు వెల్లకిలా పడి పక్కకి దొర్లబోయాడు. కమ్మీ వాడి నడుం మీద పడింది.

ఆ చప్పుడు రాయలేను.

వల వాడి మీద పరుచుకుంది. అందరం కలిసి లేపాం, మావైపు వాళ్ళు, వాళ్ళవైపు వాళ్ళు. నూకయ్య మావ వల తీస్తూ, "గోవిందూ, నాయినా, గోవిందూ," అంటున్నాడు. మేకులు పక్కన పడి ఉన్నాయి. తాళ్ళు ఒక్క పోగు తెగలేదు.

ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. వెన్నుపూస విరిగింది. వాపు తగ్గేదాకా ఏమీ చెప్పలేమంటున్నారు డాక్టర్లు. నిన్న పొద్దున్న నన్ను పిలిచాడు.

"అప్పా, నా కాళ్ళ మీద దుప్పటి కప్పారేటి?"

"కప్పారురా."

"ఎప్పుడు?"

రాత్రి నుంచి కప్పే ఉంది. నేను దుప్పటి అంచు సర్దాను. వాడు నా మొహం చూసి తల అటు తిప్పుకున్నాడు. కాసేపటికి, "ఇప్పుడు కప్పావులే," అన్నాడు. నేను భయపడకూడదని అలా అన్నాడు.

నిషేధం అయిపోయింది. మా ఊళ్ళో బోట్లు నీళ్ళలోకి దిగాయి. నూకయ్య మావ బోటు ఎక్కలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు. అన్నం పెడితే తోసేస్తున్నాడు. జగన్నాధం గారు బత్తాయిలు పట్టుకుని వచ్చి, ఆయన వింటుండగానే అన్నారు: "తాడు కట్టింది మీవాళ్ళే. కమ్మీ పట్టుకుంది మీ అబ్బాయే. మేమేం చేస్తాం?"

మా మావ తాడు కట్టడంలో పొరబడ్డాడు. తెలిశాక మీ కారు దగ్గర నిలబడి ఒప్పుకున్నాడు. మీరేం ఒప్పుకున్నారు? లారీలోంచి బస్తాలు దించింది మా మావా? మా ఆడవాళ్ళని పైపు మీద నుంచి లాగేసింది మా మావా? గాలి లేచినప్పుడు కానివ్వమని చెయ్యి తిప్పింది ఎవరి చెయ్యి?

ఇవాళ పొద్దున్న విక్టర్ ఫోన్ చేశాడు. అవే పోస్టులు, అదే లారీ. పిల్లల ఫుట్‌బాల్ క్యాంపుకని ఇంకో గ్రౌండులో దించారట. వంగిన కమ్మీని సుత్తితో సరిచేసి నిలబెట్టారట. వెనక బస్తా లేదు. పిల్లలు వరసగా ఎగిరి దానికి వేలాడుతున్నారట. వాడు వెళ్ళి దించితే, ఎవడ్రా నువ్వని గెంటేశారట.

కాబట్టి కమిటీ పెద్దలారా, మీ విచారణలూ సానుభూతులూ తర్వాత. గోవింద్ వైద్యం మీదే, వాడు మళ్ళీ నిలబడేదాకా మీదే, దాని కోసం మీ గుమ్మం ముందు చేపల గంపలతో మేం ఎలాగూ కూర్చుంటాం. వెనక పైపు మీద బరువు లేకుండా, ఆ బరువుని గోల్‌కీపర్ తన చేత్తో తోసి చూసుకోకుండా ఏ రిఫరీ విజిల్ నోట్లో పెట్టకూడదు. గాలి లేస్తే ఆట ఆపే మాట గ్రౌండులో ఉన్నవాడిది కావాలి, టెంటులో ఉన్నవాడిది కాదు. అవన్నీ రాసి సంతకం పెట్టిస్తాం.

ఈ కాగితం చదవడం ఇక్కడ ఆపండి. ఫోన్ తీయండి. పిల్లల్ని దూరం జరపమని చెప్పండి. ఆ రెండు పోస్టుల్నీ నేల మీద బోర్లా పడుకోబెట్టించండి, ఇప్పుడే, గాలి లేవక ముందే.